ఇంట్లో కట్టిన ట్రైక్: హ్యాండిల్ తిప్పితే ఫోర్కు రేడియేటర్‌కి తగులుతోంది

మూడోచక్రం (నూజివీడు) · ఏప్రిల్ 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎనిమిది నెలలుగా మా మామిడితోట షెడ్డులో ఒక ట్రైక్ (మూడు చక్రాల బండి) కడుతున్నాను. ముందు పాత బుల్లెట్ ఫోర్కు (చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లు), 19 అంగుళాల చక్రం. ఇంజను, గేర్‌బాక్సు, వెనక యాక్సిల్ అన్నీ మా మేనమామ ఓమ్నీ వ్యాన్‌వి. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇంజను పొడుగ్గా కూర్చుని ప్రొపెల్లర్ షాఫ్టుతో వెనక చక్రాలు తిప్పే చిన్న బండి అది. మన దగ్గర ట్రైక్‌కి అంతకంటే అనువైనది దొరకదని నా నమ్మకం.

ఛాసిస్ అయిపోయింది, ఇంజను స్టార్ట్ అయింది, ఇంట్లో వాళ్లు తిట్టడం కూడా మానేశారు. ఇప్పుడొచ్చింది చిక్కు. రేడియేటర్‌ని ఫోర్కుకీ ఇంజనుకీ మధ్యలో నిలబెట్టాను. హ్యాండిల్ 20 డిగ్రీలు తిప్పేసరికి ఫోర్కు కాలు పోయి రేడియేటర్ పై ట్యాంకుకి తగులుతోంది. వెనక్కి జరుపుదామంటే వెనకున్న ఫ్యాను ఇంజను ముందుండే క్రాంకు పుల్లీకి కొట్టుకుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

చిన్నదైతే సరిపోతుందని ఒక 200 సీసీ బైకు రేడియేటర్ తెచ్చి పెట్టాను. షెడ్డులో నిలబెట్టి ఆన్ చేస్తే ఎనిమిది నిమిషాల్లో నీళ్లు తెర్లాయి. ఏం చేస్తే బాగుంటుందో చెప్పండి.

---

ఆటోనగర్_గాలి (విజయవాడ) · ఏప్రిల్ 6, రాత్రి 10:05

తీసుకెళ్లి వెనక యాక్సిల్ మీద పెట్టెయ్ అన్నా. పైపులు పొడుగేసుకో, పెద్ద ఫ్యానెయ్. ముందు సీటు దగ్గర వేడి కూడా ఉండదు.

---

పొగగొట్టం (రాజమండ్రి) · ఏప్రిల్ 6, రాత్రి 10:31

వెనక పెడితే గాలెక్కడ తగుల్తుంది గురూ? ఇంజను, సీటు, ఇద్దరు మనుషుల వెనక అది దాక్కుని ఉంటుంది. పొద్దస్తమానం ఫ్యాన్ తిరగాల్సిందే. పైగా పైపు పొడుగయ్యే కొద్దీ నీళ్ల మధ్య గాలి ఇరుక్కునే మలుపులు ఎక్కువవుతాయి. తోటలో దుమ్మంతా వెనక చక్రాలు లేపి దాని మీదే పోస్తాయి.

మూడోచక్రం గారూ, ముందు కొలతలు పెట్టండి. ఫోర్కు వాలు ఎంత, రెండు కాళ్ల మధ్య దూరం ఎంత, కాళ్లు స్టీరింగు అక్షానికి (హ్యాండిల్ ఏ గీత చుట్టూ తిరుగుతుందో దానికి) ఎంత ముందుకున్నాయి, రేడియేటర్ ఎక్కడుంది. ఊరికే "తగులుతోంది" అంటే ఎవరేం చెప్పగలరు.

---

రాయలసీమ_రైడర్ (కడప) · ఏప్రిల్ 6, రాత్రి 11:12

హెడ్ పైపు (ఫోర్కు తిరిగే ఛాసిస్ గొట్టం) కోసి ఫోర్కుని ఇంకా వాలుగా పడుకోబెట్టు బ్రదర్. చాపర్ లుక్కు వస్తుంది, రేడియేటర్‌కి జాగా కూడా వస్తుంది. ఒక దెబ్బకి రెండు పిట్టలు.

---

మూడోచక్రం · ఏప్రిల్ 7, ఉదయం 7:15

పొద్దున్నే టేపు పట్టుకుని కూర్చున్నా. ఇవిగో:

ఫోర్కు వాలు నిలువు నుంచి 27 డిగ్రీలు. కాళ్ల మధ్య 180 మి.మీ. కాళ్లు స్టీరింగు అక్షానికి 50 మి.మీ. ముందున్నాయి. కింది కాలు గొట్టం లావు 54. టైరు సగం వ్యాసం 325. రేడియేటర్ ముందు అంచు అక్షానికి 11 మి.మీ. వెనక. రేడియేటర్ కోరు (గాలి పోయే మధ్య భాగం) 14 × 14 అంగుళాలు. ఛాసిస్ కింది గొట్టాల మధ్య 20 అంగుళాలు ఉంది కాబట్టి వెడల్పుకి ఢోకా లేదు. టైరుకీ రేడియేటర్‌కీ మధ్య అంగుళంన్నర ఉంది, అక్కడ ఇబ్బంది లేదనుకుంటున్నా.

ముందు చక్రం నుంచి వెనక యాక్సిల్‌కి 2.1 మీటర్లు.

---

లేతుమాస్టారు (గుంటూరు) · ఏప్రిల్ 7, మధ్యాహ్నం 1:20

అబ్బాయ్, కొలతలిచ్చావు కాబట్టి లెక్క వేద్దాం. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే నీకు బైకు రేడియేటర్ డబ్బులు మిగిలేవి.

హ్యాండిల్ తిప్పితే లోపలి వైపు కాలు అక్షం చుట్టూ తిరుగుతూ వెనక్కొస్తుంది. ఎంత వెనక్కంటే: కాలు ముందున్న దూరాన్ని ఆ కోణం కొసైన్‌తో గుణించు. అందులోంచి కాళ్ల మధ్య దూరంలో సగాన్ని సైన్‌తో గుణించి తీసెయ్. ఆపైన కాలి లావులో సగం తీసెయ్. 20 డిగ్రీలకి 47 లోంచి 31 పోతే 16. అందులోంచి 27 పోతే మైనస్ 11. అంటే కాలి వెనక అంచు అక్షానికి 11 మి.మీ. వెనక. నీ రేడియేటర్ కూడా సరిగ్గా 11 వెనకే ఉంది. అందుకే 20 దగ్గరే ఆగిపోతోంది. టేపు బాగానే పట్టావు.

ఇప్పుడు 35 డిగ్రీలు కావాలంటే అదే లెక్కలో 41 లోంచి 51.6, ఆపైన 27 తీసెయ్. మైనస్ 38. అంటే ఇంకో 27 మి.మీ. జాగా కావాలి, కదిలే ఖాళీ కాకుండానే.

35 ఎందుకంటావా? నీ తోటలో వరసల మధ్య ఎంత వదిలారు? 10 మీటర్లే కదా. 2.1 మీటర్ల బండి 20 డిగ్రీలతో తిరిగితే ముందు చక్రం గీసే వలయం అడ్డంగా 12 మీటర్ల పైన. వరస మధ్యలో తిరగదు, రివర్సు తీసుకుంటూ కూర్చోవాలి. 35 డిగ్రీలైతే 7.3 మీటర్లు. చెట్టుకి తగలకుండా తిరిగొస్తావు.

ఇక రాయలసీమ అబ్బాయి చెప్పిన పని మాత్రం చెయ్యకు. కారణం సాయంత్రం రాస్తాను, ఇక్కడ ఒక క్రాంకు షాఫ్టు లేతు మీదుంది.

---

రూల్‌బుక్ (హైదరాబాద్) · ఏప్రిల్ 7, మధ్యాహ్నం 2:48

సాంకేతికం తర్వాత. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఓమ్నీ ఆర్‌సీ పెట్టుకుని దీన్ని రోడ్డెక్కిస్తే సీజ్ చేస్తారు. ఇన్సూరెన్సు కూడా రాదు. ఇది చదివి ఇంకో నలుగురు మొదలుపెట్టకుండా ముందే చెబుతున్నాను.

---

మూడోచక్రం · ఏప్రిల్ 7, సాయంత్రం 5:02

రూల్‌బుక్ గారూ, కరెక్టే. ఇది రోడ్డెక్కదు. తోట గేటు దాటదు. వ్యాన్ ఆర్‌సీ రద్దు చేయించాకే కోశాం. కాయల సీజన్లో షెడ్డు నుంచి చివరి వరస దాకా క్రేట్లు మొయ్యడానికీ, మిగతా రోజుల్లో నా సరదాకీ.

మాస్టారూ, లెక్క అద్భుతం. కాగితం మీద మళ్లీ వేసి చూసుకున్నా.

---

లేతుమాస్టారు · ఏప్రిల్ 7, రాత్రి 8:55

చెప్పిన మాట ప్రకారం వచ్చాను.

స్టీరింగు అక్షాన్ని గీతలా కిందికి పొడిగిస్తే నేల మీద ఒక చోట తగులుతుంది. టైరు నేలని తాకే చోటు దానికి వెనకుంటుంది. ఆ రెంటి మధ్య దూరమే ట్రెయిల్. సామాను బండి చక్రాలు తోసే దిక్కుకి అవే తిరిగి సర్దుకుంటాయి చూడు, అదే సూత్రం. ట్రెయిల్ ఎక్కువైతే బండి నిటారుగా పోతుంది, తిప్పడం బరువవుతుంది. రెండు చక్రాల బండిని మనం వాల్చి తిప్పుతాం కాబట్టి ఆ బరువు తెలియదు. ట్రైక్ వాలదు. మొత్తం చేతులతోనే తిప్పాలి.

నీ కొలతలతో ట్రెయిల్ 109 మి.మీ. వస్తోంది. బైకుకి బాగానే ఉంటుంది, ట్రైక్‌కి బరువు. ఇప్పుడు హెడ్ పైపు కోసి 35 డిగ్రీలకి పడుకోబెడితే ట్రెయిల్ 166 అవుతుంది. రేడియేటర్‌కి జాగా వస్తుంది, నిజమే. హ్యాండిల్ తిప్పడం మాత్రం రోలు తిప్పినట్టుంటుంది. పైగా పక్కకి తిప్పగానే ముందు భాగం కిందికి ఒరుగుతుంది.

దానికి బదులు ఫోర్కు కాళ్లని పట్టుకునే పై ప్లేటు, కింది ప్లేటు కొత్తవి చేయించు. కాళ్లు అక్షానికి 50 కాకుండా 90 మి.మీ. ముందుండేలా. హెడ్ పైపు ముట్టుకోనక్కర్లేదు. ట్రెయిల్ 65కి దిగుతుంది, చెయ్యి తేలికవుతుంది. 35 డిగ్రీల దగ్గర కాలు వెనకంచు అక్షానికి 5 మి.మీ. లోపే వెనక ఉంటుంది. చక్రం కూడా 36 మి.మీ. ముందుకి జరుగుతుంది. ఫోర్కు తగలడం, తిప్పడం బరువు కావడం రెండు రోగాలు కావు, ఒకటే.

---

సందేహాల_సుబ్బి (అనకాపల్లి) · ఏప్రిల్ 7, రాత్రి 9:20

మాస్టారూ, అర్థం కాక అడుగుతున్నా. ట్రెయిల్ తగ్గిస్తే బండి పడిపోదా?

---

లేతుమాస్టారు · ఏప్రిల్ 7, రాత్రి 9:34

మూడు చక్రాల మీద నిలబడిందమ్మా, పడిపోదు. కానీ మరీ తగ్గిస్తే ముందు చక్రం తలాడిస్తుంది. దానికో మందుంది, అవసరమొచ్చినప్పుడు చెబుతాను.

---

దూరదేశి (కోవెంట్రీ) · ఏప్రిల్ 8, తెల్లవారుజామున 2:10

ఇక్కడ ఇంగ్లాండులో ఇంట్లో ట్రైక్ కట్టుకోవడం పెద్ద వ్యసనం. ఎం.ఎస్.వి.ఏ. అని ఒక పరీక్ష ఉంటుంది, అది పాసైతే రోడ్డెక్కొచ్చు. హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకి ఏదీ తగలకుండా తిరగాల్సిందే. మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. గోల్డ్‌వింగ్ బైకుల్ని ట్రైకుగా మార్చేవాళ్లు కూడా ట్రెయిల్ తగ్గించే ప్లేట్లు వేస్తారు, లేకపోతే భుజాలు పడిపోతాయి.

రేడియేటర్ గురించి ఒక్క మాట. నేను నాలుగు సిలిండర్ల కారు ఇంజనుతో కట్టినదానికి మీ కోరులో సగం సైజుది పెట్టాను, ఇంతవరకు ఎప్పుడూ వేడెక్కలేదు. కాబట్టి చిన్నది పెట్టినా పరవాలేదేమో. ఫ్యాన్ మాత్రం మంచిది వెయ్యండి.

---

పొగగొట్టం · ఏప్రిల్ 8, ఉదయం 8:40

దూరదేశి అన్నా, మీ కోవెంట్రీలో వేసవంటే 20, 25 డిగ్రీలు. మాకు మేలో 45.

రేడియేటర్ వేడిని వదిలేది నీటి వేడికీ బయటి గాలి వేడికీ ఉన్న తేడాని బట్టి. నీళ్లు 90 దగ్గరుంటే మీకు తేడా 70, మాకు 45. అదే రేడియేటర్, అదే ఫ్యాన్, పని మాత్రం మూడింట రెండొంతులే. మీకు సరిపోయేది మాకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఫోటోల్లో ఆ చిన్న రేడియేటర్లు చూసే మనవాళ్లు మోసపోతారు. ఈయన బైకు రేడియేటర్ ఎనిమిది నిమిషాల్లో తెర్లిందంటే వింతేముంది!

ఇంకోటి. పెట్రోల్ ఇంజనులో ఇంధనం ఇచ్చే వేడిలో దాదాపు మూడో వంతు నీళ్లలోకే పోతుంది. 196 చదరపు అంగుళాల కోరుని కంపెనీ వాళ్లు ఉబుసుపోక పెట్టలేదు. దాని వైశాల్యం తగ్గించొద్దు.

---

దూరదేశి · ఏప్రిల్ 8, మధ్యాహ్నం 12:15

నిజమే, ఆ లెక్క నాకు తట్టలేదు. ఇక్కడ పదేళ్లు ఉండేసరికి ఎండంటే మర్చిపోయినట్టున్నా. మాట వెనక్కి తీసుకుంటున్నా.

---

ఆటోనగర్_గాలి · ఏప్రిల్ 8, మధ్యాహ్నం 12:50

ఆటోలు చూడండి. ఇంజను వెనక, ఫ్యాన్ గాలితోనే చల్లబడేది. ముందు ఒక చక్రం, ఏ గోలా లేదు. ఆ కట్టినోడు తెలివైనోడు 😀

---

మూడోచక్రం · ఏప్రిల్ 19, రాత్రి 10:30

ప్లేట్లు అయిపోయాయి. విజయవాడ ఆటోనగర్లో మిల్లింగు మిషనున్న షాపులో చేయించాను. మాస్టారు ఫోన్లో ఒక మాట చెప్పారు: పైదీ కిందదీ విడివిడిగా బోరు కొట్టనివ్వకు, రెండూ జత కట్టి ఒకే బిగింపులో కొట్టించు అని. షాపాయన మొదట "ఏం పర్లేదు, గీత గీసి కొడతా" అన్నాడు. పట్టుబట్టాను. బిగించాక కాళ్లు పైనుంచి చేత్తో వదిలితే గ్రీసులో జారినట్టు దిగాయి. అర మి.మీ. తేడా ఉన్నా కాళ్లు ఇరుక్కుని షాకులు పనిచెయ్యవట.

ఇప్పుడు అసలు ముచ్చట. ఇంట్లో చపాతీల కోసం కలిపిన పిండి ముద్ద ఒకటి పట్టుకొచ్చి రేడియేటర్ పై ట్యాంకు మీద రెండు పక్కలా అతికించాను. హ్యాండిల్ మెల్లిగా 35 డిగ్రీల దాకా తిప్పి వెనక్కి తెచ్చాను. పిండిలో ఫోర్కు కాలు గుంట పడింది. చాకుతో మధ్యకి కోసి స్కేలు పెడితే గుంట అడుగున మిగిలిన మందం ఎడమ పక్క 6 మి.మీ., కుడి పక్క 5. మాస్టారి లెక్క ప్రకారం రావాల్సింది 6. మా ఆవిడ పిండి సంగతి అడిగింది, లెక్క సరిపోయిందని చెప్పాను.

అయితే 6 మి.మీ. చాలుతుందా? ఇంజను కూడా రబ్బర్ల మీద ఊగుతుంది కదా.

---

లేతుమాస్టారు · ఏప్రిల్ 20, ఉదయం 6:50

చాలదు. కదిలే వాటి మధ్య 20 ఉండాలి. ఇంకో పని చేశావా? షాకుల్లో స్ప్రింగులు తీసి ఫోర్కుని నిండా కిందికి దించి చూశావా?

---

మూడోచక్రం · ఏప్రిల్ 20, ఉదయం 7:05

లేదు మాస్టారూ.

---

లేతుమాస్టారు · ఏప్రిల్ 20, ఉదయం 7:08

చూడు.

---

మూడోచక్రం · ఏప్రిల్ 20, సాయంత్రం 6:40

మాస్టారూ, మీ మాట వినే లోపే నిన్న సాయంత్రం నేను ఆత్రం పట్టలేక బండిని కాలవ గట్టు దాటించాను. ఇవాళ చూస్తే ముందు మడ్‌గార్డు వెనక అంచు సొట్టపోయి ఉంది. రేడియేటర్ కింది ట్యాంకు మీద పెయింటు గీత. అదృష్టం, చిల్లు పడలేదు.

తర్వాత స్ప్రింగులు తీసి కిందికి దించాను. షాకు ప్రయాణం 130 మి.మీ. ఫోర్కు వాలుగా ఉంది కాబట్టి చక్రం పైకి పోవడమే కాదు, 59 మి.మీ. వెనక్కి కూడా వస్తోంది! నేను అంగుళంన్నర ఉందని ధీమాగా రాశాను చూడండి, అది చక్రం గాలిలో వేలాడుతుండగా కొలిచింది. పాత ప్లేట్లే ఉండి ఉంటే టైరు నేరుగా కోరులోకి దిగేది. కొత్త ప్లేట్లతో టైరుకి 15 మి.మీ. మిగిలింది. మడ్‌గార్డు టైరు మీద 25 ఉంది. అదీ సంగతి.

---

ఆటోనగర్_గాలి · ఏప్రిల్ 20, రాత్రి 7:30

అన్నా, ఇప్పుడు రేడియేటర్ సంగతి నాకు వదిలెయ్. మా వీధి చివర రాగి ఇత్తడి రేడియేటర్లు చేసే పెద్దాయన ఒకాయనున్నాడు. ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియంవి ఆయన ముట్టడు, టంకం పట్టదు కాబట్టి. నీ కోరు 14 × 14 అంటున్నావు. 18 వెడల్పు, 11 ఎత్తు చేయిస్తే 198 చదరపు అంగుళాలు. వైశాల్యం పోదు. నీ గొట్టాల మధ్య 20 ఉంది కదా.

ఇంకా మజా ఏంటంటే, 12 అంగుళాల ఫ్యాన్ ఒకటి బదులు 9 అంగుళాలవి పల్చనివి రెండు పక్కపక్కన వేస్తే సరిగ్గా 18. రెండు ఫ్యాన్ల మధ్యలో పైనా కిందా మూలలు ఖాళీగా ఉంటాయి. క్రాంకు పుల్లీ ముక్కు ఆ ఖాళీలోకి వస్తుంది. అంటే రేడియేటర్ మొత్తం వెనక్కి జరుగుతుంది. ఫ్యాన్లు ఊడ్చే వైశాల్యం కూడా పెద్దదానికంటే కొంచెం ఎక్కువే.

మొదటి రోజు వెనక యాక్సిల్ అని సలహా ఇచ్చానని అందరూ నవ్వుకున్నారు. ఇప్పుడు చెప్పండి.

---

పొగగొట్టం · ఏప్రిల్ 20, రాత్రి 7:52

ఒప్పుకుంటున్నా. సూపర్.

---

రాయలసీమ_రైడర్ · ఏప్రిల్ 20, రాత్రి 8:15

అయితే ప్లేట్లు ఎందుకు చేయించినట్టు? రేడియేటర్ వెనక్కి జరిపితే పాత ప్లేట్లతోనే ఫోర్కు తగలదు కదా? డబ్బులు దండగ.

---

మూడోచక్రం · ఏప్రిల్ 20, రాత్రి 8:40

లెక్క వేశా బ్రదర్. 40 మి.మీ. వెనక్కి పోతే పాత ప్లేట్లతో ఫోర్కుకి 13 మి.మీ. మిగిలేది. షాకు నిండా దిగినప్పుడు టైరుకి 19 మాత్రమే, మడ్‌గార్డు తగిలేది. పైగా ఇప్పుడు హ్యాండిల్ చూపుడు వేలితో తిరుగుతోంది. మా నాన్న కూడా నడపగలడు. అందుకైనా చేయించాల్సిందే.

---

మూడోచక్రం · మే 4, రాత్రి 9:15

రేడియేటర్ వచ్చింది. పెద్దాయన నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టి, ఒక్క బుడగ రాలేదని చూపించి మరీ ఇచ్చాడు. 40 మి.మీ. వెనక్కి జరిగింది. ఫోర్కుకి ఇప్పుడు 45 పైన, మడ్‌గార్డుకి షాకు నిండా దిగినా 30.

హ్యాండిల్ ఆగడానికి కింది ప్లేటుకి స్టాపర్లు వెల్డు చేయించాను. ఫోర్కు ఎక్కడా తగలకముందే స్టాపరు తగలాలి, పెట్రోలు ట్యాంకుకీ హ్యాండిల్ పట్టుకున్న బ్రొటనవేలికీ మధ్య చెయ్యి పట్టాలి. బ్రేకు హోసు ఆ చివర ఈ చివర లాగకుండా ఉందో లేదో కూడా చూశా. కుడి చివర తీగలా బిగుసుకుంటోంది. ముందుకి జరిగిన ఫోర్కుకి పాత హోసు చాలలేదు. పొడుగుది వేశా.

ఇంత చేశాక కొత్త గోల. స్టార్ట్ చేసిన పావుగంటకి గేజు ముల్లు ఒక్కసారి పైకెగిరి మళ్లీ పడిపోతోంది. రేడియేటర్ చెయ్యి పెడితే ఒక పక్క చల్లగానే ఉంది. రెండు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

---

సందేహాల_సుబ్బి · మే 4, రాత్రి 9:28

థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్లు వదిలే మూత) పోయిందేమో?

---

పొగగొట్టం · మే 4, రాత్రి 9:50

నీళ్లలో గాలి పట్టింది. ముల్లు ఎగిరి పడుతోందంటే సెన్సారు దగ్గరికి కాసేపు ఆవిరి, కాసేపు నీళ్లు వస్తున్నట్టు. రేడియేటర్ పైభాగం ఎక్కువ ఎత్తులో ఉందా, ఇంజను హెడ్డులో థర్మోస్టాట్ గూడు ఎక్కువ ఎత్తులో ఉందా?

ఇంకొకటి, ఫ్యాన్లు తిరగడం కాదు, ఎటు ఊదుతున్నాయో చూడండి. అగరుబత్తి వెలిగించి రేడియేటర్ ముందు పెట్టండి. పొగ కోరులోకి పోవాలి.

---

మూడోచక్రం · మే 5, ఉదయం 8:20

పొగగొట్టం గారూ, పేరుకి తగ్గట్టు పొగతోనే పట్టుకున్నారు. కుడి ఫ్యాన్ పొగని లోపలికి లాగుతోంది, ఎడమది నా మొహం మీదికి ఊదుతోంది. ఒకటి లాగుతుంటే రెండోది తోసేస్తోంది! వైర్లు తారుమారు చేశాను. షాపులో ఇచ్చిన రంగులు రెండు ఫ్యాన్లకీ ఒకేలా లేవు.

ఎత్తు కూడా చూశా. నీళ్లు నింపిన సన్నని గొట్టం మేస్త్రీ లెవెల్ పట్టినట్టు పట్టాను. థర్మోస్టాట్ గూడు రేడియేటర్ మూతకంటే రెండు అంగుళాలు పైన ఉంది. అంటే నేను ఎంత నింపినా ఇంజను తలలో గాలి అలాగే ఉండిపోతోంది.

---

లేతుమాస్టారు · మే 5, ఉదయం 9:05

వైర్లు మారిస్తే గాలి దిక్కు మారుతుంది కానీ, రెక్కల వంపు ఎటుందో కూడా చూడు. లాగే ఫ్యాన్ రెక్కని వెనక్కి తిప్పి నడిపిస్తే గాలి బాగా తగ్గిపోతుంది. రెండూ ఒకే రకం రెక్కలేనా?

గాలి సంగతికి: ఒక చిన్న ఇత్తడి డబ్బా చేయించి సీటు కింద, అన్నిటికంటే ఎత్తులో పెట్టు. హెడ్డు నుంచి సన్నని పైపు ఒకటి దాని పక్కకి, దాని అడుగు నుంచి ఇంకొకటి పంపు ఉండే వైపుకి. మూత దాని మీదికి మార్చు, రేడియేటర్ మూత తీసేసి మామూలు బిరడా వేయించు. 0.9 అని రాసున్న మూతే వాడు. ఆ వత్తిడి ఉంటే మామూలు నీళ్లు కూడా 118 దాకా తెర్లవు. అది లేకపోతే నూరు దగ్గరే ఆవిరి. మొదటిసారి నింపేటప్పుడు ముందు చక్రాన్ని గట్టు మీదికెక్కించి ముక్కు పైకి పెట్టి, పైపులు చేత్తో పిసుకుతూ నింపు.

---

మూడోచక్రం · మే 11, రాత్రి 8:30

రెక్కలు రెండూ ఒకటే రకం, లాగేవే. ఎడమదానికి వైర్లే తప్పు. ఫ్యాన్ల చుట్టూ రేకుతో పెట్టె కట్టాను, రేడియేటర్ అంచుకీ ఛాసిస్ గొట్టానికీ మధ్య సందు రబ్బరు పట్టీతో మూశాను. గాలి కోరు వదిలి పక్క సందులోంచి పోకూడదు కదా. ఒక్కో ఫ్యాన్ 7 ఆంపియర్లు లాగుతోంది, విడివిడి రిలేలు, విడివిడి ఫ్యూజులు. ఒకటి పోయినా రెండోది ఉంటుంది.

డబ్బా పెట్టి, ముక్కు పైకెత్తి నింపుతుంటే గుడగుడమని గాలి వచ్చింది. ఎంతనుకున్నారు? ముప్పావు లీటరు. అన్ని రోజులూ అంత గాలి పెట్టుకుని తిరిగాను.

ఇవాళ మధ్యాహ్నం రెండు గంటలకి, బయట 43 ఉన్నప్పుడు, మా తమ్ముణ్ణి, పన్నెండు క్రేట్లని ఎక్కించుకుని అరగంట తిప్పాను. వరస చివర బండి ఒకే ఊపులో తిరిగింది. రివర్సు లేదు. ముల్లు సగానికి కొంచెం పైన నిలబడింది. ఫ్యాన్లు వస్తూ పోతూ ఉన్నాయి, ఎప్పుడూ ఆగకుండా తిరగలేదు.

ఒక్కటే. గంటకి 25 కిలోమీటర్ల దగ్గర చెయ్యి వదిలితే హ్యాండిల్ గజగజా ఊగుతోంది. పట్టుకుంటే ఆగుతుంది.

---

లేతుమాస్టారు · మే 11, రాత్రి 9:00

అదే తలాడించడం. ముందు కోను సెట్టు (హ్యాండిల్ తిరిగే బేరింగులు) బిగుతు, చక్రం అలైన్‌మెంటు, టైరు గాలి చూడు. మూడూ బాగుంటే డ్యాంపరు వెయ్యి. పాత బుల్లెట్లకి హ్యాండిల్ మధ్యలో తిప్పే మరలాంటిది ఉండేది, రాపిడి పలకలతో. అది నీ కొత్త పై ప్లేటులో పడుతుంది. కొద్దిగా బిగిస్తే చాలు. ఎక్కువ బిగిస్తే మళ్లీ బరువు.

---

మూడోచక్రం · మే 14, సాయంత్రం 6:10

కోను సెట్టు కొంచెం వదులుగా ఉంది మాస్టారూ. బిగించాక ఊగడం సగం తగ్గింది. డ్యాంపరు మర గుంటూరు పాత సామాన్ల షాపులో దొరికింది, ఒకటిన్నర చుట్టు బిగిస్తే పూర్తిగా ఆగింది.

---

సందేహాల_సుబ్బి · మే 14, రాత్రి 8:45

అన్నా, కింది పైపు రబ్బరు హోసు ఎంత లావుది వేశావు? నాది కూడా ఓమ్నీ ఇంజనే. పంపు లాగినప్పుడు పైపు చప్పబడిపోతోంది.

---

మూడోచక్రం · మే 14, రాత్రి 9:02

పాత వ్యాన్ పైపు లావే, మార్చలేదు సుబ్బీ. కానీ వంపు దగ్గర లోపల స్ప్రింగు ఉన్నది తీసుకో. నేను మొదట మామూలుది వేసి నీలాగే చప్పబడితే మార్చాను. ఇనప పైపు జోడించే చోట అంచు కొంచెం ఉబ్బెత్తుగా కొట్టించు, క్లిప్పు దాటి జారిపోకుండా. ఫోటో రేపు పొద్దున షెడ్డుకి వెళ్లాక పెడతా.